భవనాల ఉష్ణ నమూనాలు: కొలతల నుంచి కట్టే వేడి, చలువల లెక్క

ఒక భవనం లోపలి ఉష్ణోగ్రత వచ్చే గంటలో, రేపు మధ్యాహ్నం, వచ్చే వేసవిలో ఎలా ఉంటుందో, దాన్ని హాయిగా ఉంచడానికి ఎంత శక్తి కావాలో లెక్కగట్టి చెప్పే గణిత రూపాన్ని ఉష్ణ నమూనా అంటారు. గోడల మందం, సిమెంటు, ఇటుకల గుణాలు, నక్షాలు చూసి ఈ నమూనాను కట్టవచ్చు. అలా కాక, కట్టి వాడుతున్న భవనంలో నమోదైన ఉష్ణోగ్రతలు, మీటరు రీడింగులు, చల్లటి నీటి ప్రవాహాలు, వాతావరణ వివరాల నుంచి కూడా రాబట్టవచ్చు. ఈ రెండో దారినే డేటా ఆధారిత ఉష్ణ నమూనా నిర్మాణం అంటున్నారు. ఏసీ యంత్రాలను తెలివిగా నడపడానికి, మరమ్మతుల వల్ల ఎంత కరెంటు మిగిలిందో తేల్చడానికి, పాడవుతున్న పరికరాన్ని ముందే పసిగట్టడానికి ఇది పనికొస్తుంది.

ప్రపంచంలో తుది వినియోగానికి చేరే శక్తిలో సుమారు 30 శాతం భవనాల నిర్వహణకే పోతోంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం ఏసీలు, ఫ్యాన్లు కలిసి ప్రపంచ విద్యుత్తులో పదో వంతును వాడుతున్నాయి. అప్పటికి 160 కోట్లుగా ఉన్న ఏసీల సంఖ్య 2050 నాటికి 560 కోట్లకు చేరుతుందని ఆ నివేదిక అంచనా. ఇంత పెద్ద ఖర్చును తగ్గించే సాధనం కాబట్టే ఈ రంగంలోకి గణాంక శాస్త్రం, నియంత్రణ శాస్త్రం, యంత్ర అభ్యసనం ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. అయితే యాభై ఏళ్ళ అనుభవం చూస్తే, ఏ అల్గారిథమ్ వాడారన్నదాని కంటే కొలతలు ఎలా తీశారు, కొలిచే సమయంలో భవనాన్ని ఎలా నడిపారు అన్నవే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించాయి.

వేడి ఎక్కడ నిలుస్తుంది

గది ఉష్ణోగ్రత మారడానికి కారణాలు కొన్నే. గోడలు, పైకప్పు గుండా చొరబడే వేడి, కిటికీ అద్దంలోంచి నేరుగా పడే ఎండ, తలుపు సందుల్లోంచి వచ్చే గాలి, మనుషులూ దీపాలూ కంప్యూటర్లూ విడుదల చేసే వేడి, ఏసీ తీసేసే వేడి లేదా హీటర్ ఇచ్చే వేడి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. వీటన్నిటినీ కూడి, తీసివేయగా మిగిలేది గాలిలో, గోడల్లో, సామానులో నిల్వ అవుతుంది. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి ఏ లెక్కన ప్రవహిస్తుందో ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియే 1822లో ప్రచురించిన గ్రంథంలో సూత్రీకరించాడు. నేటి భౌతిక నమూనాలన్నీ ఆ పునాది మీద నిలిచినవే.

ఇంజనీర్లు ఈ లెక్కను విద్యుత్ వలయంలా రాసుకుంటారు. గోడ వేడిని అడ్డుకునే గుణం నిరోధం, వేడిని దాచుకునే గుణం ధారణ. ఈ రెండింటి లబ్ధమే కాలస్థిరాంకం. బయటి పరిస్థితి హఠాత్తుగా మారినప్పుడు, లోపలి ఉష్ణోగ్రత తన కొత్త మట్టానికి 63 శాతం దూరం చేరుకోవడానికి పట్టే సమయం అది.

ఒక పై అంతస్తు గదిని తీసుకుందాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, పైన 15 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబు. గదిలో ఉన్న గాలి 36 ఘనపు మీటర్లు, బరువు 43 కిలోలు. దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 43 కిలోజౌళ్ళు చాలు, అంటే ఒక యూనిట్ కరెంటులో ఎనభయ్యో వంతు. శ్లాబు బరువు నాలుగు టన్నుల పైమాటే. అది ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 3,900 కిలోజౌళ్ళు, అంటే ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువే కావాలి. గాలికీ శ్లాబుకూ తొంభై రెట్ల తేడా. ఏసీ వేసిన పది నిమిషాలకే గాలి చల్లబడినట్టు అనిపించినా, ఆపగానే మళ్ళీ ఉక్కగా మారడానికి కారణం ఇదే: గాలి చల్లబడింది, శ్లాబు చల్లబడలేదు. మే నెలలో మధ్యాహ్నం ఎండ తాగిన శ్లాబు రాత్రి భోజనాల వేళకు కూడా సెగ కక్కడం కోస్తాలో, తెలంగాణలో పై అంతస్తుల్లో కాపురముండే ప్రతివారికీ తెలిసినదే.

కాబట్టి ఒకే నిరోధం, ఒకే ధారణ పెట్టుకున్న నమూనా ఇలాంటి గదికి చాలదు. నిమిషాల్లో కదిలే గాలికి ఒకటి, గంటల తరబడి కదిలే కట్టడానికి ఒకటి, కనీసం రెండు కాలస్థిరాంకాలు కావాలి. ఆ అంకెలను పుస్తకాల్లోంచి తీసుకోవాలా, భవనాన్నే అడగాలా అన్న దగ్గర దారులు చీలుతాయి.

మూడు దారులు

మొదటిది పూర్తిగా భౌతిక శాస్త్రం మీద ఆధారపడే వైట్ బాక్స్ పద్ధతి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో స్టీఫెన్‌సన్, మిటాలాస్ 1967లో గోడల స్పందనను గంటల వారీగా లెక్కించే పద్ధతిని ఇచ్చారు. కంప్యూటర్లు అప్పుడప్పుడే చేతికందుతున్న రోజులవి. 1970ల చివర్లో అమెరికాలో డీఓఈ-2 అనే ప్రోగ్రామ్ వచ్చింది. దాని వారసత్వం, అమెరికా సైన్యం ప్రోత్సాహంతో తయారైన బ్లాస్ట్ వారసత్వం కలిసి 2001లో ఎనర్జీప్లస్‌గా విడుదలయ్యాయి. ఇంకా పునాది పడని భవనం గురించి కూడా ఇవి చెప్పగలవు, అది వాటి పెద్ద బలం. అయితే వందల కొద్దీ ఇన్‌పుట్లు కావాలి. నక్షాలో ఉన్నదీ మేస్త్రీ కట్టినదీ ఒకటి కాకపోవచ్చు. కిటికీలు ఎప్పుడు తెరుస్తారో, ఎంతమంది వస్తారో ఊహించుకోవాల్సిందే. అంకెలను అటూ ఇటూ జరిపి కరెంటు బిల్లుతో సరిపోల్చడం సాధ్యమే కాని, ఒకే బిల్లుకు సరిపోయే అంకెల సమూహాలు ఎన్నో ఉంటాయి. ఏది నిజమో బిల్లు చెప్పదు.

రెండోది బ్లాక్ బాక్స్. లోపల ఏం జరుగుతోందో అడగకుండా, ఇచ్చిన వాతావరణానికీ వచ్చిన వాడకానికీ మధ్య సంబంధాన్ని నేర్చుకునే పద్ధతి. దీని సరళమైన రూపాల్లో ఒకటి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1970ల చమురు సంక్షోభం రోజుల్లో రాబర్ట్ సోకలోవ్ బృందం న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే కాలనీలో, ఒకే నక్షాతో కట్టిన వరస ఇళ్ళను పరిశీలించింది. కట్టుబడి ఒకటే అయినా శీతకాలపు గ్యాస్ వాడకం ఒక ఇంటికీ మరో ఇంటికీ రెండింతల వరకు తేడా ఉంది. ఇల్లు ఖాళీ చేసి కొత్తవారు దిగితే ఆ ఇంటి లెక్కే మారేది. వేడి లెక్కలో మనిషి అలవాటు కూడా ఒక రాశి అని అంకెలతో చూపిన తొలి అధ్యయనాల్లో ఇది ఒకటి. ఆ అనుభవం నుంచే మార్గరెట్ ఫెల్స్ నాయకత్వంలో ప్రిజం పద్ధతి రూపుదిద్దుకుని 1986లో విస్తృతంగా ప్రచురితమైంది. నెలవారీ బిల్లులు, బయటి ఉష్ణోగ్రతలు తీసుకుని అది మూడే అంకెలు తేలుస్తుంది: వాతావరణంతో సంబంధం లేని కనీస వాడకం, చలి ఒక డిగ్రీ పెరిగితే పెరిగే వాడకం, హీటర్ వేయాల్సిన అవసరం మొదలయ్యే బయటి ఉష్ణోగ్రత. అంత చిన్న నమూనా ఇంటికి చేసిన మరమ్మతు ఫలించిందో లేదో చెప్పగలగడం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

అక్కడి నుంచి పోటీల కాలం వచ్చింది. అమెరికాలోని హీటింగ్, ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 1993లో ఒక బహిరంగ పోటీ పెట్టింది. ఒక భవనం తాలూకు నాలుగు నెలల గంటవారీ కొలతలు ఇచ్చి, తర్వాతి వారాల వాడకాన్ని అంచనా వేయమంది. కేంబ్రిడ్జ్‌కి చెందిన డేవిడ్ మెకే బేజియన్ న్యూరల్ నెట్‌వర్క్‌తో గెలిచాడు. ఏ ఇన్‌పుట్ పనికొస్తుందో, ఏది రాదో నెట్‌వర్కే తేల్చుకునే ఏర్పాటు ఆయన పద్ధతిలో ముఖ్యం. 2019లో అదే సంఘం కాగుల్ వేదిక మీద మూడో పోటీ నడిపింది. ఈసారి 1,448 భవనాలు, 2,380 మీటర్లు, వేల సంఖ్యలో జట్లు. పై స్థానాలు ఎక్కువగా నిర్ణయ వృక్షాల సమూహాలను వాడిన గ్రేడియంట్ బూస్టింగ్ పద్ధతులకు దక్కాయి. గెలిచిన జట్లు ఎక్కువ శ్రమ పెట్టింది మాత్రం డేటాను శుభ్రం చేయడం మీద. నెలల తరబడి సున్నా చూపిన మీటర్లు, హఠాత్తుగా ఎగిరిన అంకెలను ఏరిపారేయడమే వారికి కలిసివచ్చింది. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవారు ఆ పోటీ నుంచి నేర్వాల్సింది ఏ ప్రోగ్రామ్ గెలిచిందన్నది కాదు, ఈ శుభ్రం చేసే పనే.

మూడోది గ్రే బాక్స్. నమూనా ఆకారాన్ని భౌతిక శాస్త్రం ఇస్తుంది, అందులోని అంకెలను కొలతలు ఇస్తాయి. రాబర్ట్ సోండెరెగర్ 1970ల చివర్లో ప్రిన్స్‌టన్‌లోనే ఈ దారి పట్టాడు. గణాంక శాస్త్రపు పూర్తి కట్టుదిట్టంతో దీన్ని నిలబెట్టింది డెన్మార్క్. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రిక్ మాడ్సెన్, హోల్స్ట్‌తో కలిసి 1995లో ప్రచురించిన వ్యాసం భవనాన్ని యాదృచ్ఛిక అవకలన సమీకరణాలతో వర్ణించింది. మనం లెక్కలోకి తీసుకోని అంశాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి, ఆ తెలియనితనానికి కూడా సమీకరణంలోనే చోటిచ్చారు.

2011లో పేడర్ బాకర్, మాడ్సెన్ రిసో పరిశోధన కేంద్రంలోని ఫ్లెక్స్‌హౌస్ అనే చిన్న భవనం మీద చేసిన పని చూస్తే ఈ పద్ధతి స్వభావం బాగా తెలుస్తుంది. ముందు భవనం మొత్తానికి ఒకే ఉష్ణోగ్రత అనుకుని అతి సరళమైన నమూనా పెట్టారు. తర్వాత హీటర్‌కు ఒక స్థితి, గోడలకు ఒక స్థితి, చివరికి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్‌కే ఒక స్థితి, ఇలా ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోయారు. చేర్చిన ప్రతిసారీ అది నిజంగా అవసరమేనా అని గణాంక పరీక్ష పెట్టారు. పరీక్ష ఇక లాభం లేదని చెప్పిన చోట ఆగారు. మిగిలిన దోషాల్లో ఏ క్రమమూ కనిపించకపోతేనే నమూనా సరైనదని ఒప్పుకున్నారు. నమూనా ఎంత పెద్దదిగా ఉండాలో శాస్త్రవేత్త అభిరుచి కాకుండా కొలతలే నిర్ణయించాలన్న ఈ నియమం ఈ రంగానికి దక్కిన మేలైన ఆస్తుల్లో ఒకటి.

కొలతలు చెప్పేవి, దాచేవి

ఏడాది పొడవునా ఐదు నిమిషాలకోసారి నమోదైన లక్ష వరుసల డేటా ఉందంటే భవనం గురించి అంతా తెలిసిపోతుందని అనిపిస్తుంది. అది నిజం కాదు. ఒక ఆఫీసులో థర్మోస్టాట్ 24 డిగ్రీల దగ్గర గట్టిగా పట్టి ఉంచిందనుకుందాం. గది ఉష్ణోగ్రత ఎప్పుడూ 23.7, 24.2 మధ్యనే తిరుగుతుంది. కట్టడంలోకి వేడి ఎక్కదు, దిగదు. మరి కట్టడం ఎంత వేడిని దాచుకోగలదన్నది ఆ డేటాలో ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు. వాడకందారులకు ఎంత హాయిగా ఉంటే నమూనా కట్టేవారికి అంత తక్కువ సమాచారం దొరుకుతుంది.

దీనికంటే ప్రమాదకరమైన చిక్కు ఇంకొకటుంది. ఏసీ ఎప్పుడు ఎక్కువగా నడుస్తుంది? గది వేడెక్కినప్పుడు. బ్లాక్ బాక్స్ నమూనాకు కార్యకారణాలు తెలియవు, కలిసి నడిచేవి మాత్రమే తెలుసు. కాబట్టి ఏసీ ఎక్కువగా నడవడమూ గది వేడిగా ఉండడమూ కలిసి కనిపిస్తే, ఏసీ వేస్తే గది వేడెక్కుతుందని నేర్చుకునే అవకాశం ఉంది. రేపటి ఉష్ణోగ్రతను అంచనా వేయడంలో ఆ నమూనా బాగానే నెగ్గుకురావచ్చు. దాని చేతికి ఏసీ స్విచ్ అప్పగిస్తే మాత్రం తలకిందులైన నిర్ణయాలు తీసుకుంటుంది.

అందుకే డెన్మార్క్ బృందం హీటర్లను కావాలని ఒక చిత్రమైన క్రమంలో వేసి ఆర్పింది. చూడటానికి యాదృచ్ఛికంగా కనిపించే ఈ రెండు స్థాయిల సంకేతంలో కొన్ని దశలు నిమిషాలే ఉంటాయి, కొన్ని గంటలు సాగుతాయి. పొట్టి దశలు గాలి స్పందనను, పొడవు దశలు గోడల స్పందనను బయటపెడతాయి. ఎండ, బయటి ఉష్ణోగ్రతల రాకపోకలతో ఈ సంకేతానికి సంబంధం లేకపోవడంతో హీటర్ ప్రభావం విడిగా తేలుతుంది. బ్రిటన్‌లో వాడే కో-హీటింగ్ పరీక్ష మరో పద్ధతి: చలికాలంలో ఖాళీ ఇంటిని కొన్ని వారాల పాటు విద్యుత్ హీటర్లతో ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచి, ఎంత కరెంటు పట్టిందో చూసి ఇల్లు ఎంత వేడిని పోగొట్టుకుంటోందో లెక్కిస్తారు. నిరోధం తెలుస్తుంది కాని, ధారణ గురించి అది పెద్దగా చెప్పదు. పైగా అన్నాళ్ళు ఇల్లు ఖాళీగా పెట్టడం ఎవరికి కుదురుతుంది? మనుషులు కాపురముంటున్న ఇళ్ళలోనే ఇవన్నీ తేల్చడం ఎలాగన్న ప్రశ్న మీద అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆధ్వర్యంలో అనెక్స్ 71 అనే ఉమ్మడి పరిశోధన జరిగింది.

సెన్సర్ ఉన్న చోటు కూడా కీలకమే. ఏసీ గాలి నేరుగా తగిలే చోట బిగించిన థర్మోస్టాట్ గదిని కాదు, ఏసీని కొలుస్తుంది. పడమటి గోడ మీద బిగించినది సాయంత్రం పూట గోడ వేడిని చెబుతుంది. పెద్ద భవనాల నియంత్రణ వ్యవస్థల్లో వేల సెన్సర్లు ఉంటాయి. వాటికి పెట్టిన పేర్లు బిగించిన టెక్నీషియన్‌కు తప్ప ఎవరికీ అర్థం కావు. ఒక భవనానికి కట్టిన ప్రోగ్రామ్ పక్క భవనంలో పనిచేయకపోవడానికి ఇది పెద్ద కారణం. 2016లో వెలువడిన బ్రిక్ అనే పేర్ల వ్యవస్థ ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి వచ్చింది.

నమూనా మంచిదో కాదో పరీక్షించడంలోనూ జాగ్రత్త కావాలి. పదిహేను నిమిషాల తర్వాత గది ఇప్పుడున్నంతే ఉంటుందని చెప్పినా దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ఆ అంచనాతో వచ్చే చిన్న దోషాన్ని చూపి నమూనా గొప్పదని ప్రకటించే వ్యాసాలు తక్కువేం కాదు. ఒక రోజు ముందుకు, మధ్యలో కొలతల సాయం తీసుకోకుండా నడిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఏప్రిల్‌లో నేర్పిన నమూనాను జూన్‌లో పరీక్షించడం ఇంకా మేలు.

యంత్రాల నమూనాలు

భవనంతో పాటు దాన్ని చల్లబరిచే యంత్రాలకూ నమూనా కావాలి. పెద్ద భవనాల్లో చిల్లర్ నీటిని చల్లబరుస్తుంది, పంపులు దాన్ని అంతస్తులకు పంపుతాయి, కూలింగ్ టవర్ వేడిని బయటకు వదులుతుంది. చిల్లర్ సామర్థ్యం దాని మీద పడే భారం, లోపలికీ బయటికీ పోయే నీటి ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది. డీఓఈ-2 కాలం నుంచీ దీన్ని వక్రరేఖల బహుపదులతో రాస్తున్నారు. గోర్డన్, ఎన్జీ 1990లలో ఉష్ణగతిక శాస్త్రం నుంచే తక్కువ పరామితులతో ఒక రూపం ఇచ్చారు. కొద్దిపాటి కొలతలతోనే అది సర్దుకుంటుంది, చిల్లర్‌లో పాచి పట్టడం వంటి మార్పులు ఆ పరామితుల్లో కనిపిస్తాయి.

ఈ విభాగంలో బాగా పేరు పొందినవి డేటా సెంటర్లు. గూగుల్ ఇంజనీరు జిమ్ గావ్ 2014లో న్యూరల్ నెట్‌వర్క్‌తో డేటా సెంటర్ మొత్తం వాడకానికీ అందులో కంప్యూటర్లు వాడేదానికీ ఉన్న నిష్పత్తిని 0.4 శాతం దోషంతో అంచనా వేసినట్టు ప్రకటించాడు. 2016లో డీప్‌మైండ్‌తో కలిసి చల్లబరచడానికయ్యే కరెంటును 40 శాతం వరకు తగ్గించినట్టు ఆ సంస్థ చెప్పింది. డేటా సెంటర్‌లో భారం రాత్రీ పగలూ స్థిరంగా ఉంటుంది, సెన్సర్లు వేలల్లో ఉంటాయి, కిటికీలు తెరిచే మనుషులు ఉండరు. ఆ ఫలితాన్ని మామూలు ఆఫీసులకు, ఆసుపత్రులకు అలాగే అంటగట్టడం సరికాదు.

నమూనా చేతికి తాళాలు

ఉష్ణ నమూనాకు దక్కిన అతి పెద్ద ఉపయోగం ముందుచూపు నియంత్రణ. మామూలు థర్మోస్టాట్ గది వేడెక్కాక స్పందిస్తుంది. ముందుచూపు నియంత్రణ రేపటి వాతావరణ సూచన తీసుకుని, నమూనాతో రాబోయే గంటలను లెక్కించి, అతి తక్కువ ఖర్చయ్యే క్రమాన్ని ఎంచుకుంటుంది. అందులో మొదటి అడుగు వేసి, కొద్ది నిమిషాల తర్వాత కొత్త కొలతలతో మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. బరువైన కట్టడాల్లో దీనికి బలం ఎక్కువ, ఎందుకంటే కట్టడమే చలువను దాచుకునే గిడ్డంగి అవుతుంది.

ప్రేగ్‌లోని చెక్ సాంకేతిక విశ్వవిద్యాలయ భవనంలో పైకప్పు గొట్టాల ద్వారా వేడినిచ్చే వ్యవస్థ మీద దీన్ని ప్రయోగించి, 15 నుంచి 28 శాతం శక్తి ఆదా అయినట్టు 2011లో ప్రచురించారు. స్విట్జర్లాండ్‌లో ఆప్టికంట్రోల్ ప్రాజెక్టు కింద బాసెల్ దగ్గరి ఆల్ష్‌విల్ ఆఫీసు భవనాన్ని నెలల తరబడి ఇలాగే నడిపి, సుమారు 17 శాతం ఆదా చూపించారు. అయితే ఆ స్విస్ బృందం ఇంకో మాట కూడా నిజాయితీగా రాసింది: నమూనా కట్టి అమర్చడానికయ్యే ఇంజనీరింగ్ ఖర్చు, మామూలు భవనాల్లో మిగిలే సొమ్ముతో పోలిస్తే ఎక్కువే. డేటా ఆధారిత పద్ధతుల మీద ఇంత ఆశ పెట్టుకోవడానికి కారణం అదే. ప్రతి భవనానికీ నిపుణుడు వారాల పాటు కూర్చుని నమూనా కట్టాల్సిన పని తప్పితేనే ఇది ఊరూరా చేరుతుంది.

డూబెన్‌డోర్ఫ్‌లో స్విస్ పరిశోధన సంస్థ ఎంపా నిర్మించిన నెస్ట్ భవనంలో ఈ దిశగా మంచి పని జరిగింది. అక్కడ ర్యాండమ్ ఫారెస్ట్ అనే నిర్ణయ వృక్షాల సమూహాలతో, ప్రత్యేక ఆకృతి గల న్యూరల్ నెట్‌వర్క్‌లతో గదులను నడిపి చూశారు. 2022లో భౌతిక నియమాలకు లోబడిన న్యూరల్ నెట్‌వర్క్‌ను ప్రతిపాదించారు. ఎండ వంటి చిక్కు ప్రభావాలను నెట్‌వర్క్ నేర్చుకుంటుంది. హీటర్ వేస్తే గది వేడెక్కాలి, బయట చలి పెరిగితే లోపలి వేడి ఎక్కువగా పోవాలి అన్న నియమాలు మాత్రం నిర్మాణంలోనే బిగించి ఉంటాయి, డేటా వాటిని మార్చలేదు. పైన చెప్పిన తలకిందుల పాఠానికి ఇది సూటి పరిష్కారం.

మిగిలింది ఎంత?

ఏసీ వ్యవస్థ మార్చాక కరెంటు తగ్గింది. మార్చకపోతే ఎంత అయ్యేది? ఆ అంకెను ఏ మీటరూ చూపదు. దాన్ని లెక్కించడమే నమూనా పని: మార్పుకు ముందున్న డేటాతో నమూనా కట్టి, మార్పు తర్వాతి వాతావరణంలో పాత భవనం ఎంత వాడేదో అంచనా వేసి, అసలు వాడకాన్ని అందులోంచి తీసివేస్తారు. ఇందుకు నమూనా ఎంత ఖచ్చితంగా ఉండాలో 2002లో వచ్చిన ఆష్రే మార్గదర్శిక 14 నిర్దేశించింది. నెలవారీ డేటాకు దోషాల విస్తరణ సగటులో 15 శాతం, గంటవారీ డేటాకు 30 శాతం మించకూడదు.

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణం ఈ ప్రశ్నకు అరుదైన జవాబు ఇచ్చింది. అక్కడ ఒక భవనాన్ని సమానమైన రెండు సగాలుగా కట్టి, ఒక సగాన్ని మేలైన మామూలు ఏసీ గాలి వ్యవస్థతో, రెండో సగాన్ని శ్లాబులో పరిచిన గొట్టాల్లో చల్లటి నీరు పారించే రేడియంట్ వ్యవస్థతో చల్లబరిచారు. ఎండ ఒకటే, పనివేళలు ఒకటే, కట్టుబడి ఒకటే. విడివిడి మీటర్లు పెట్టి కొలవగా రేడియంట్ సగం చల్లబరచడానికి 34 శాతం తక్కువ శక్తి వాడిందని 2014లో ఆష్రే పత్రికలో ప్రచురించారు. సాధారణంగా నమూనా ఊహించి చెప్పాల్సిన జోడు భవనం ఇక్కడ కళ్ళెదుటే ఉంది.

హైదరాబాద్‌లోనే అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పరిశోధకులు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారితో కలిసి పైకప్పులకు తెల్ల పూత వేసి కొలిచారు. 2012లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, పూత లేని కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అవుతాయి. అక్కడా పరిమిత రోజుల కొలతల నుంచి ఏడాది లెక్కకు తీసుకువెళ్ళింది నమూనాయే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించే నాటికి ఇలాంటి స్థానిక అంకెలు చేతిలో ఉండటం మేలు చేసేదే.

ఉక్కపోత దేశంలో

ఈ రంగపు పరిశోధనలో ఎక్కువ భాగం చలి దేశాల్లో, హీటర్ల మీద జరిగింది. వాటిని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు మొదట ఎదురయ్యేది తేమ. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని నీటి ఆవిరిని నీరుగా మార్చి పైపు గుండా బయటకు వదులుతుంది. ఆ పైపులోంచి ఒక లీటరు నీరు కారిందంటే ఏసీ దాదాపు 0.68 యూనిట్ల వేడిని కేవలం తేమ కోసమే తీసిందన్నమాట. విశాఖపట్నం, కాకినాడల్లో గది ఉష్ణోగ్రతను మాత్రమే చూసే నమూనా ఈ భారాన్ని గోడల మీదో మనుషుల మీదో తోసేసి తప్పు అంకెలు నేర్చుకుంటుంది. గాలిలోని తేమ సమతుల్యతకు మరో సమీకరణం, మరో సెన్సర్ తప్పనిసరి.

రెండోది ఫ్యాన్. సీలింగ్ ఫ్యాన్ తిరిగితే 28 డిగ్రీల గదిలోనూ హాయిగా ఉంటుంది, కాని గది ఉష్ణోగ్రత మారదు. కాబట్టి ఏసీ ఎప్పుడు వేస్తారన్నది ఉష్ణోగ్రత ఒక్కదాన్ని చూసి చెప్పలేం. మూడోది, మన ఇళ్ళలో అన్ని గదులకూ ఏసీ ఉండదు. తలుపు తీస్తే చలువ హాల్లోకి పోతుంది, కిటికీ రాత్రి తెరిచి పొద్దున మూస్తారు. ట్విన్ రివర్స్‌లో కనిపించిన మనిషి ప్రభావం ఇక్కడ మరింత పెద్దది.

ఒక అనుకూలత కూడా ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ గదిలో ఏసీ హఠాత్తుగా ఆగి, ఉష్ణోగ్రత తనంతట తాను పెరుగుతుంది. డెన్మార్క్ పరిశోధకులు హీటర్లను వేసి ఆర్పి సంపాదించిన సమాచారం లాంటిదే ఈ కోతల్లో ఉచితంగా దొరుకుతుంది. కోత మొదలైన నిమిషం నుంచి గది ఎంత వేగంగా వేడెక్కిందో చూస్తే, గాలిదీ కట్టడానిదీ కాలస్థిరాంకాలు అంచనా వేయవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న ఉష్ణోగ్రత, తేమ సెన్సర్ గదిలో ఉంటే చాలు.

2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2037-38 నాటికి దేశంలో చలువ అవసరాన్ని 20 నుంచి 25 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన వచ్చింది. 2021లో మొదలైన విద్యుత్ పంపిణీ సంస్కరణ పథకం కింద 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది ఉద్దేశం. ఇంటి మొత్తం వాడకం తక్కువ వ్యవధుల్లో నమోదైతే, ఎండకూ వాడకానికీ ఉన్న సంబంధాన్ని ప్రిజం తరహా నమూనాలతో పేటల వారీగా తేల్చవచ్చు. గది లోపల ఏం జరిగిందో మాత్రం మీటరు చెప్పలేదు. ఆ సమాచారం వైఫై ఉన్న కొత్త ఏసీల్లో ఉంది: గది ఉష్ణోగ్రత, పెట్టుకున్న ఉష్ణోగ్రత, కంప్రెసర్ వేగం. ఉత్తర అమెరికాలో ఎకోబీ థర్మోస్టాట్ సంస్థ వాడకందారుల అనుమతితో, పేర్లు తొలగించి, ఇలాంటి డేటాను పరిశోధకులకు ఇచ్చింది. దాని సాయంతో వేల ఇళ్ళ కాలస్థిరాంకాలను ఒక్కసారిగా లెక్కించారు. అలాంటి ఏర్పాటు మన ఏసీలకు వస్తే, అందులో తేమ కొలత కూడా ఉండాలి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో తెలియాలి. ఈ రెండూ లేకుండా కోస్తా గదికి కట్టే నమూనా అసంపూర్ణమే.